కారణము చెప్పని తీర్పు

మన పల్లెలలో రచ్చబండ యొద్ద తగవు తీర్చునప్పుడు పెద్దమనుష్యులు తీర్పు చెప్పి ఊరకుండరు. ఓడినవాని వైపు తిరిగి, “గట్టు రెండడుగులు జరిపిన మాట నీ పాలివాడే చెప్పినాడు గదా, అందుచేత తప్పు నీదే” అని నలుగురు వినునట్లు చెప్పుదురు. ఓడినవాడు ఆ మాటకు ఒప్పుకొనకపోవచ్చును. ఇంటికి పోవుచు దారి పొడవునను పెద్దలను తిట్టుకొనవచ్చును. అయినను తానెందుకు ఓడినది వానికి తెలియును. మరునాడు ఆ పాలివాని మాట అబద్ధమని నిరూపింపగలిగినచో, తగవు మరల ఎత్తుటకు వానికొక ఆధారము మిగిలి యుండును.

ఇప్పుడు సుబ్బయ్య అను ఒక రైతును ఊహించుకొందము. ఊరిలో కొట్లాట జరిగినది. ఒకడు చావుతప్పి బ్రతికినాడు. సుబ్బయ్య తాను ఆ సమయమున పొరుగూరి సంతలో ఉంటిననియు, పాత పగచేత తన పేరు చేర్చిరనియు మొర పెట్టుకొన్నాడు. సెషన్సు కోర్టు వాని మాట నమ్మలేదు. సాక్షులను విచారించి, నలువది పుటల తీర్పు వ్రాసి, 8 సంవత్సరముల కఠినశిక్ష విధించినది. ఇంటివారు ఒక ఎకరము తాకట్టు పెట్టి హైకోర్టుకు అప్పీలు చేసికొన్నారు. కొన్నాళ్ళకు జైలు ఆఫీసులోనికి సుబ్బయ్యను పిలిచి, వచ్చిన ఉత్తరువును గుమాస్తా చదివి వినిపించినాడు. ఉత్తరువు ఇంగ్లీషులో ఉన్నది. అందులో తీర్పు అనదగినది ఒక్కటే మాట: “డిస్మిస్డ్”.

“అనగా ఏమి బాబూ?” అని సుబ్బయ్య అడిగినాడు. “కొట్టివేసినారు” అని గుమాస్తా చెప్పినాడు. “ఎందుకు కొట్టివేసినారు? సంత సంగతి ఏమన్నారు?” అని మరల అడిగినాడు. గుమాస్తా కాగితమును అటు తిప్పి ఇటు తిప్పి చూచినాడు. చెప్పుటకు వానికి ఇంకేమియు కనబడలేదు.

ఆ మాటను మన ఆఫీసు తెలుగులో “కొట్టివేయడమైనది” అని వ్రాయుట వాడుక. ఎవరు కొట్టివేసిరో ఆ క్రియలో లేదు, ఎందుకు కొట్టివేసిరో లేదు. కొట్టివేత మాత్రమే ఉన్నది. సుబ్బయ్య కల్పితుడే గాని, ఇట్టి ఉత్తరువు కల్పితము కాదు. మన దేశములో నూరేండ్లకు పైబడి దీనికి చట్టములో చోటున్నది. ఇది ఎట్లు వచ్చినది, దీనిని గూర్చి పై కోర్టులు ఏమన్నవి, ఇట్టి ఉత్తరువు అందుకొన్నవానికి మిగిలిన దారులేవి అను విషయములను ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

మొదట అప్పీలు అనగా ఏమో చూతము. క్రింది కోర్టు తీర్పులో తప్పున్నదని, దానిని సరిదిద్దుమని పై కోర్టును వేడుకొనుట అప్పీలు. ఇది తనంత తాను పుట్టిన హక్కు కాదు, చట్టము ఇచ్చిన హక్కు. మన దేశమున 1861 నాటి నేర విచారణ స్మృతియే శిక్షపడినవానికి అప్పీలు దారి చూపినది. ఆ స్మృతిని మనకిచ్చిన ఇంగ్లండులో మాత్రము, శిక్షపడినవాడు తన కేసును పూర్తిగా తిరిగి చూడుమని అడుగుటకు ప్రత్యేకమైన అప్పీలు కోర్టు 1907 నాటి చట్టముతో గాని ఏర్పడలేదు. పాలితులకు ముందుగా దొరికినది పాలకుల దేశములోని వారికి అర్ధశతాబ్దము ఆలస్యముగా దొరికినది.

అయితే అప్పీలు చేసికొన్న ప్రతివాని కేసును పై కోర్టు పూర్తిగా విచారించి తీరవలెనని చట్టము చెప్పదు. అప్పీలు దారిలో రెండు వాకిళ్ళున్నవి. మొదటిది చేర్చుకొనుట. అప్పీలు పిటిషనును, దానితో కూడ పెట్టిన తీర్పు నకలును న్యాయమూర్తి పరిశీలించును. జోక్యము చేసికొనుటకు తగిన ఆధారమున్నదని తోచినచో అప్పీలును ఫైలుకు తీసికొని, ప్రభుత్వమునకు నోటీసు పంపించి, క్రింది కోర్టు రికార్డును తెప్పించును. అక్కడినుండి రెండవ వాకిలి. అప్పుడు ఉభయపక్షముల వాదనలు, పూర్తి విచారణ, సవిస్తరమైన తీర్పు ఉండును. మొదటి వాకిటనే తగిన ఆధారము లేదని తోచినచో, అక్కడికక్కడే అప్పీలును కొట్టివేయవచ్చును. దీనినే సంక్షేపముగా కొట్టివేయుట అందురు. రికార్డును తెప్పించి చూచి కొట్టివేయవచ్చును, తెప్పింపకయే కొట్టివేయవచ్చును.

ఈ అధికారము 1898 నాటి స్మృతిలో 421వ సెక్షనుగా ఉండెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1973 స్మృతిలో 384వ సెక్షను అయినది. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 425వ సెక్షను. మూడు చట్టములు మారినను అధికారము మారలేదు.

అయితే 1973 స్మృతిలో ఒక మంచి మాట స్పష్టముగా చేరినది. సెషన్సు కోర్టు గాని, చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేటు కోర్టు గాని అప్పీలును ఇట్లు మొదటి వాకిటనే కొట్టివేసినచో, అందుకు కారణములు వ్రాసి తీరవలెను. 2023 సంహితలోను ఈ మాట అట్లే ఉన్నది. ఇక్కడ ఒక్క నిమిషము ఆగవలెను. సెషన్సు కోర్టు వ్రాయవలెను, మేజిస్ట్రేటు వ్రాయవలెను. మరి హైకోర్టు? ఆ వాక్యములో హైకోర్టు పేరు లేదు. అనగా చిన్న శిక్షపై చిన్న కోర్టు చేసిన అప్పీలు నిర్ణయమునకు కారణము ఉండి తీరవలెను. పెద్ద శిక్షపై పెద్ద కోర్టు చేసిన నిర్ణయమునకు మాత్రము ఉండి తీరవలెనని చట్టము చెప్పలేదు. ఆరు నెలల శిక్షపడినవానికి చట్టమిచ్చిన మాట 8 సంవత్సరముల శిక్షపడిన సుబ్బయ్యకు దొరకలేదు.

ఈ తేడా ఎందుకు వచ్చినదని అడుగవచ్చును. కారణములు వ్రాయుట పై కోర్టు చూచుటకే అను ఒక పాత భావము దీని వెనుక నున్నట్లు తోచును. క్రింది కోర్టు చేసిన పనిని హైకోర్టు చూచును గనుక క్రింది కోర్టు వ్రాయవలెను. హైకోర్టు పనిని చూచువారెవరు? ఆంగ్లేయుల కాలములో హైకోర్టుకు పైన లండనులోని ప్రీవీ కౌన్సిలు ఉండెను. క్రిమినల్ కేసులలో అది జోక్యము చేసికొనుట మిక్కిలి అరుదు. సామాన్యునికి అది అందని చోటు. కావున చాల కేసులలో హైకోర్టు మాటయే కడపటి మాట. 1950లో సుప్రీంకోర్టు ఏర్పడినది. రాజ్యాంగము 136వ అధికరణము క్రింద, ఏ కోర్టు తీర్పుపైనైనను ప్రత్యేకానుమతితో అప్పీలును స్వీకరించు అధికారము దానికి వచ్చినది. అప్పటినుండి హైకోర్టు పనిని చూచువారు ఢిల్లీలో కూర్చుండిరి. హైకోర్టు ఉత్తరువులో ఒక్క మాట మాత్రమే ఉన్నచో తామేమి చూడవలెనను ప్రశ్న వారికి వెంటనే ఎదురైనది.

1953లో బొంబాయినుండి అట్టి కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చినది. హైకోర్టు అప్పీలును సంక్షేపముగా కొట్టివేసినది. సుప్రీంకోర్టు ఆ సందర్భమున చెప్పిన మాట నేటికిని ఈ విషయమున మూలసూత్రము. దాని సారమిది: అప్పీలులో పైకి చూచినంతనే వాదింపదగిన అంశమేదియు లేనిచో సంక్షేపముగా కొట్టివేయుట సమంజసమే. వాదింపదగిన అంశములున్నచో అట్లు కొట్టివేయుట తగదు. కొట్టివేసినను, ఆ అంశములపై హైకోర్టు అభిప్రాయమేమో ఉత్తరువులో కొంతయైనను సూచింపవలెను. ఆ అభిప్రాయము తెలియనిచో కేసు తమ యెదుటికి వచ్చినపుడు తాము ఇబ్బంది పడవలసి వచ్చుచున్నదని సుప్రీంకోర్టు చెప్పుకొన్నది.

ఈ మాటలోని వినయమును గమనింపుడు. అది ఆజ్ఞ వలె గాక, తోటి న్యాయమూర్తులతో చెప్పుకొన్న మాట వలె నున్నది. బహుశా అందుచేతనే కాబోలు, ఒకసారి చెప్పినంతనే అది అందరి చెవులకు ఎక్కలేదు. 1970లో మహారాష్ట్రనుండి వచ్చిన కేసులలో సుప్రీంకోర్టు ఆ మాటనే మరల చెప్పవలసి వచ్చినది. వాదింపదగిన అప్పీలును కారణము లేక కొట్టివేసిన ఉత్తరువును రద్దుచేసి, మరల విచారింపుమని హైకోర్టుకు తిప్పి పంపిన సందర్భములును కలవు. కావున నేటి స్థితి ఇది: చట్టము హైకోర్టును కారణములు వ్రాయుమని నిర్బంధింపలేదు. సుప్రీంకోర్టు తీర్పులు మాత్రము వాదింపదగిన అప్పీలులో వ్రాయవలెననుచున్నవి. వాదింపదగినదో కాదో మొదట నిర్ణయించునది ఆ హైకోర్టే.

ఎదుటి పక్షము మాటయు వినవలెను. న్యాయమూర్తుల వైపునుండి చెప్పదగిన వాదములు తేలికైనవి కావు. హైకోర్టులలో పేరుకొన్న అప్పీళ్ళు చాల ఉన్నవి. సంవత్సరముల తరబడి విచారణకు రాక ఎదురుచూచు ఖైదీలున్నారు. ఏ ఆధారమును లేని అప్పీళ్ళకు కూడ పుటలకు పుటలు వ్రాయుచు కూర్చుండినచో, ఆధారమున్న అప్పీలు మరింత వెనుకబడును. అది కూడ అన్యాయమే. మరియు క్రింది కోర్టు నలువది పుటలలో కారణములు వ్రాసియే యున్నది గదా. వానితో పూర్తిగా ఏకీభవించు న్యాయమూర్తి వానినే తిరిగి వ్రాయుటవలన లాభమేమి? ఒక్క మాట వ్రాసినంత మాత్రమున న్యాయమూర్తి చదువలేదని అనుట కూడ తప్పు. రాత్రి ఇంటికి తీసికొనిపోయి పుట పుటను చదివి, మరునాడు ఒక్క మాట వ్రాసిన న్యాయమూర్తి ఉండవచ్చును.

ఉండవచ్చును. కాని సుబ్బయ్యకు అది ఎట్లు తెలియును? చిక్కు ఇక్కడనే ఉన్నది. శ్రద్ధగా చదివి వ్రాసిన “డిస్మిస్డ్” అను మాటయు, అసలు చదువక వ్రాసిన “డిస్మిస్డ్” అను మాటయు కాగితముపై ఒక్క తీరుననే ఉండును. కారణము చెప్పని తీర్పు తప్పు తీర్పని నేననను. అది సరియైన తీర్పే కావచ్చును. సరియైనదో కాదో చూచుకొనుటకు ఎవరికిని వీలు లేకుండుటయే దానిలోని లోపము.

ఐదవ తరగతి పిల్లవాడు లెక్క చేసినపుడు జవాబు ఒక్కటే వ్రాసి తెచ్చినచో పంతులుగారు ఒప్పుకొనరు. “చేసిన విధము ఏదిరా?” అందురు. జవాబు సరిగానే ఉండవచ్చును. కాని విధము వ్రాయునప్పుడే పిల్లవానికి తన పొరపాటు తనకు కనబడును. న్యాయమూర్తులకును ఇంతే. సాక్షి మాట నమ్మదగినదని మనస్సునకు తోచుట వేరు. ఎందుకు నమ్మదగినదో కాగితముపై పెట్టుట వేరు. కాగితముపై పెట్టబోవు వేళ, మనస్సునకు గట్టిగా తోచిన కారణము ఒక్కొక్కప్పుడు నిలువదు. అట్టి వేళ న్యాయమూర్తి కలమాపి మరల రికార్డు తీయును. కారణములు వ్రాయుటవలన మొదటి మేలు పొందువాడు ఆ వ్రాయు న్యాయమూర్తియే.

రెండవ మేలు ఓడినవానికి. తన వాదము ఎవరో ఒకరు విన్నారని వానికి తెలియును. మూడవ మేలు పై కోర్టుకు. 1953లో సుప్రీంకోర్టు చెప్పుకొన్న ఇబ్బంది ఇదియే. నాలుగవ మేలు కోర్టుకు వెళ్ళని మనకందరకును. ఏ సాక్ష్యము నిలిచినది, ఏది నిలువలేదు అను సంగతి తీర్పులవలననే న్యాయవాదులకు, పోలీసువారికి, క్రింది న్యాయమూర్తులకు తెలియును. ఒక్క మాట ఉత్తరువునుండి ఎవరును నేర్చుకొనదగినదేమియు లేదు.

అయితే కారణమనగా నలువది పుటలు అక్కరలేదు. సుబ్బయ్య అప్పీలునకే ఐదు వాక్యములు చాలును. “గాయపడినవాడు ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే ముద్దాయి పేరు చెప్పినాడు. పగ యున్న మాట నిజమే గాని, ఆ పగచేత అసలు కొట్టినవానిని విడిచిపెట్టి మరొకని పేరు చెప్పునని నమ్మలేము. సంతలో చూచితినన్న సాక్షి చెప్పిన వేళకును, కొట్లాట వేళకును నడుమ మూడు గంటల వ్యవధి ఉన్నది. సంతనుండి ఊరికి రెండు మైళ్ళు. కావున క్రింది కోర్టు నిర్ణయములో జోక్యము చేసికొన పనిలేదు.” ఇంతే. దీనిని వ్రాయుటకు పావుగంట పట్టునేమో. సుబ్బయ్య దీనికి సంతోషింపడు. కాని తన ప్రశ్నకు జవాబు దొరికినది. ఆ జవాబు తప్పైనచో, ఆ దూరము రెండు మైళ్ళు కాక పండ్రెండు మైళ్ళైనచో, తప్పు ఇదిగో అని వాని వకీలు వ్రేలు పెట్టి చూపగలడు.

ప్లీడరును పెట్టుకొనలేని ఖైదీల సంగతి మరింత జాగ్రత్తతో చూడవలసినది. జైలులో ఉన్నవాడు తన అప్పీలును జైలు అధికారికి ఇచ్చినచో చాలును. ఆ అధికారి దానిని కోర్టుకు పంపించును. దీనిని జైలు అప్పీలు అందురు. చదువు తక్కువైనవాడు తోటి ఖైదీచేత వ్రాయించుకొన్న ఆ కాగితములో చట్టపు అంశములేమి కనబడును? మొదటి వాకిటనే పడిపోవు ప్రమాదము దానికే ఎక్కువ. ఈ సంగతి ఎరిగియే చట్టము కొన్ని కట్టుబాట్లు పెట్టినది. వకీలు ద్వారా వచ్చిన అప్పీలును, అప్పీలుదారునకు గాని వాని వకీలునకు గాని చెప్పుకొనుటకు తగిన అవకాశ మియ్యక కొట్టివేయరాదు. జైలు అప్పీలు విషయములోను అట్టి అవకాశ మియ్యవలెను. కాని అప్పీలు బొత్తిగా పసలేనిదని కోర్టు తలచినను, లేదా ఖైదీని కోర్టుకు తెచ్చుట కేసు స్వరూపమునకు మించిన ప్రయాస అని తలచినను ఆ అవకాశము లేకయే కొట్టివేయవచ్చును. ఏ జైలు అప్పీలునైనను అప్పీలు గడువు ముగియకముందు సంక్షేపముగా కొట్టివేయరాదు.

ఇంకొక నియమము పేదవానికి మిక్కిలి ముఖ్యమైనది. జైలు అప్పీలు ఇట్లు కొట్టివేయబడిన తరువాత, అదే ఖైదీ పేర వకీలు ద్వారా దాఖలైన మరొక అప్పీలు కోర్టు దృష్టికి రాక ఉండిపోయినట్లు తెలిసినచో, న్యాయము కొరకు అవసరమని తోచినపుడు ఆ రెండవదానిని కోర్టు విచారింపవచ్చును. తీర్పు ఒకసారి అయినది గనుక తలుపు మూసినట్లే అని చెప్పనక్కరలేదు.

వకీలు రాలేదను కారణముచేత అప్పీలును కొట్టివేయవచ్చునా అను ప్రశ్న కూడ పలుమారులు వచ్చినది. కూడదని సుప్రీంకోర్టు 1971లో బీహారు కేసులోను, 1996లో ఉత్తరప్రదేశ్ కేసులోను చెప్పినది. ఒకసారి విచారణకు తీసికొన్న క్రిమినల్ అప్పీలును, వకీలు వచ్చినను రాకున్నను, కోర్టు తానే రికార్డు చూచి మంచిచెడ్డలను బట్టి నిర్ణయింపవలెను. అప్పీలుదారు జైలులో ఉండి వాని వకీలు రానిచో, ప్రభుత్వ ఖర్చుపై మరొక వకీలును ఏర్పాటు చేయుట మేలని 1996 తీర్పు సూచించినది.

ఇక సుప్రీంకోర్టు సంగతి. ఇతరులకు కారణములు వ్రాయుమని చెప్పిన ఆ కోర్టు తన యొద్దకు వచ్చు ప్రత్యేకానుమతి పిటిషనులను తాను కూడ తరచుగా ఒక్క మాటతో కొట్టివేయుచుండును. దీనికొక సమాధానము కలదు. ప్రత్యేకానుమతి నిరాకరించుట తీర్పు కాదు, తలుపు తెరువకపోవుట మాత్రమే. కారణము చెప్పక అనుమతి నిరాకరించినంత మాత్రమున హైకోర్టు చెప్పినదంతయు సరియని సుప్రీంకోర్టు ఒప్పుకొన్నట్లు కాదని 2000లో కేరళనుండి వచ్చిన కేసులో స్పష్టపరచినారు. చట్టము దృష్టిలో ఇది పెద్ద తేడా. జైలులో ఉన్నవానికి మాత్రము రెండును ఒక్కటే.

ప్రాణము మీదికి వచ్చినపుడు ఈ సమాధానము చాలదని సుప్రీంకోర్టే క్రమక్రమముగా గ్రహించినది. హైకోర్టు విడుదల తీర్పును త్రోసివేసి మరణశిక్ష విధించినచో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసికొను హక్కును రాజ్యాంగము 134వ అధికరణము ఇచ్చుచున్నది. యావజ్జీవశిక్షకును, 10 సంవత్సరములకు తక్కువ కాని శిక్షకును ఆ హక్కును 1970 నాటి చట్టము విస్తరించినది. ఇట్టి అప్పీళ్ళను కూడ ప్రాథమిక విచారణతోనే ముగింపవచ్చునని సుప్రీంకోర్టు నియమములలో ఒకటి చెప్పుచుండెను. 1979లో ఉత్తరప్రదేశ్ కేసులో ఆ నియమమును ప్రశ్నించినారు. రాజ్యాంగ ధర్మాసనము పక్షమున న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణ అయ్యర్ వ్రాసిన ప్రధాన తీర్పు, నియమమును కొట్టివేయలేదు గాని దాని కోరలు తీసినది. హక్కుగా వచ్చిన ఇట్టి అప్పీలులో నోటీసు, రికార్డు, పూర్తి విచారణ ఉండుటయే రివాజు కావలెననియు, మొదటి వాకిటనే ముగించుట మిక్కిలి అరుదు కావలెననియు చెప్పినది.

2014లో మరణశిక్ష కేసుల రివ్యూ పిటిషనులను న్యాయమూర్తుల గదిలో కాక బహిరంగ న్యాయస్థానములో విచారింపవలెనని నిర్ణయించినారు. 2018 నవంబరులో మహారాష్ట్రనుండి వచ్చిన ఒక రివ్యూ పిటిషనుపై మరొక అడుగు పడినది. మరణశిక్షపై వచ్చిన ప్రత్యేకానుమతి పిటిషనును, శిక్ష విషయములోనైనను కారణములు చెప్పక కొట్టివేయరాదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పినది. 1953లో ఇతరులకు చెప్పిన మాట 65 సంవత్సరములకు, ప్రాణముతో ముడిపడిన కేసులమేరకు, చెప్పినవారికే నియమమైనది.

ఇది మన దేశమునకు మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు అప్పీలు కోర్టులు కూడ క్రింది తీర్పును ఖాయపరచుచు కారణము లేని ఉత్తరువులు ఇచ్చుచుండును. అక్కడ 1980లో రాష్ట్ర రాజ్యాంగమును సవరించి, ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు అధికారమును తగ్గించినారు. ఒక అప్పీలు కోర్టు తీర్పు మరొకదానితో విరుద్ధముగా ఉన్నదని పై కోర్టు చూడవలెనన్నచో, ఆ విరుద్ధత తీర్పులోనే వ్యక్తముగా కనబడవలెను. కారణమే లేని తీర్పులో ఏ విరుద్ధత కనబడును? కావున అట్టి తీర్పుపై రాష్ట్ర సుప్రీంకోర్టు చూచుటకు వీలులేదని ఆ సంవత్సరమే ఆ కోర్టు నిర్ణయించినది. మన దేశములో ఒక్క మాట ఉత్తరువు పైకి పోవు దారిని కష్టతరము చేయును. అక్కడ ఆ రాష్ట్రములో మాత్రము, దారినే మూసివేయుచున్నది.

మన దేశములో దారి మూసుకొనలేదు గనుక, దానిని ఎట్లు పట్టుకొనవలెనో ఇంటింట తెలిసియుండుట మంచిది. ఖైదు శిక్ష పడినవానికి తీర్పు నకలు వెంటనే, ఉచితముగా ఇయ్యవలెనని చట్టము చెప్పుచున్నది. అప్పీలు చేయదగిన తీర్పైనచో, ముద్దాయి కోరినపుడు, సాధ్యమైనంతవరకు వాని భాషలోనికి అనువదించిన నకలు కూడ ఉచితముగా దొరకవలెను. తెలుగు మాత్రమే వచ్చినవాడు తెలుగు నకలు అడుగుట యాచన కాదు, హక్కు. మరణశిక్ష కాని శిక్షలపై హైకోర్టుకు అప్పీలు చేయుటకు గడువు 60 దినములు, ఇతర కోర్టులకు 30 దినములు. వకీలును పెట్టుకొనలేనివారికి ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థలవలన లభించును. ఖైదులో ఉన్నవారు ఎవరైనను ఆ సహాయమునకు అర్హులే. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. అప్పీలు పిటిషనులోనే వాదింపదగిన అంశములను ఒకటి, రెండు, మూడు అని విడివిడిగా, స్పష్టముగా వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాసినచో, ఒక్క మాటతో కొట్టివేసిన నాడు, “ఈ మూడింటికి జవాబు ఏది?” అని పై కోర్టులో అడుగుటకు ఆధారముండును.

సుప్రీంకోర్టులోను హైకోర్టులలోను వ్యవహారము ఇంగ్లీషులోనే జరుగవలెనని రాజ్యాంగము 348వ అధికరణము చెప్పుచున్నది. 2019 నుండి సుప్రీంకోర్టు తన తీర్పులలో కొన్నిటిని తెలుగుతో సహా దేశభాషలలోనికి అనువదింపించి ప్రకటించుచున్నది. ఇది సంతోషింపదగిన సంగతి. కాని ఉన్న మాటను అనువదింపగలము గాని లేని మాటను అనువదింపలేము. జైలు గుమాస్తా ఎంత తెలుగు వచ్చినవాడైనను, సుబ్బయ్య అడిగిన రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినది అందుచేతనే.

చట్టములో ఒక చిన్న మార్పు చాలునని నాకు తోచును. సెషన్సు కోర్టునకును, చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేటునకును విధించిన ఆ ఒక్క వాక్యములో హైకోర్టు పేరును కూడ చేర్చవలెను. నలువది పుటలు కోరుట లేదు, ఐదు వాక్యములు. అవి వచ్చినను సుబ్బయ్య తన శిక్షను పూర్తిగా అనుభవింపవలసినదే కావచ్చును. కాని జైలు ఆఫీసునుండి తన గదికి తిరిగి పోవునప్పుడు, సంత సంగతిని ఒకరు విన్నారనియు, విని ఏమనుకొన్నారో చెప్పినారనియు వానికి తెలిసియుండును. రచ్చబండ యొద్ద గట్టు తగవులో ఓడినవానికి దొరకునంతటి మర్యాద, స్వేచ్ఛను కోల్పోవుచున్నవానికి పెద్ద కోర్టులో దొరకకుండుట తగదు.